మేక కంటే ముందు మేత, టీకా, మంచి పోతు

తెలంగాణ రాష్ట్ర పశుసంవర్ధక శాఖ సంచాలకుల వారికి బహిరంగ లేఖ

విషయం: సత్తుపల్లి అటవీ సరిహద్దు పల్లెల్లో పాల మేకల పెంపకం, దానికి ముందుగా కావలసిన ఏర్పాట్లు

మేకను మాంసం కోసం పెంచడం వేరు, పాల కోసం పెంచడం వేరు. మాంసపు మేక పగలంతా అడవంచున మేసి, పొద్దుగూకే వేళకు దొడ్డికి చేరి, ఏడాది తిరిగేసరికి సంతలో బరువు తూగితే దాని పని అయిపోతుంది. పాల మేక రోజూ రెండు పూటలా మనిషి చేతికి రావాలి. వేళకు చూలు కట్టాలి, ఈనాలి, నాలుగైదు నెలలపాటు పొదుగు చెడకుండా పాలివ్వాలి. ఈ తేడా గుర్తించకుండా పంచిన మేకలు పాలివ్వవు, చివరకు మాంసానికే పోతాయి. సత్తుపల్లి ప్రాంతానికి పాల మేకల పథకం రావాలంటే, మేక కంటే ముందు మేత, టీకా, మంచి పోతు, పాలు పితకడం నేర్చిన చేతులు రావాలి. ఆ క్రమాన్ని శాఖ ముందు ఉంచడమే ఈ లేఖ ఉద్దేశం.

సత్తుపల్లి ఖమ్మం జిల్లాకు తూర్పు అంచు. పక్కనే ఉన్న దమ్మపేట, అశ్వారావుపేట 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల పునర్విభజనలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లాయి. జిల్లాలు వేరైనా అటూ ఇటూ పల్లెల బతుకు ఒకే తీరుగా ఉంటుంది. కోయ, లంబాడా కుటుంబాలు, చిన్న రైతులు, కూలీలు ఇంటికి నాలుగైదు మేకలు ఉంచుకోవడం ఇక్కడ పాత అలవాటు. ఆ మేకలు చేతిలో డబ్బు లేని రోజుకు ఆసరా. ఆసుపత్రి ఖర్చు వచ్చినా, బడి ఫీజు కట్టాలన్నా ఒకటి సంతకు వెళుతుంది. వాటి పాలు మాత్రం సాధారణంగా మేకపిల్లలకే వదిలేస్తారు.

మేత నేల ఏటేటా తగ్గుతోంది. మామిడి తోటలకు కంచెలు పడ్డాయి. ఆయిల్‌పామ్ విస్తరించింది. కాగితపు గుజ్జు కోసం సుబాబుల్, నీలగిరి తోటలు వచ్చాయి. సత్తుపల్లి చుట్టూ సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు నేలను తీసుకున్నాయి. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి లేత మొక్కలున్న చోట మేక అడుగు పెట్టకూడని జీవమైంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం పశువులను మేపుకొనే హక్కును సామూహిక హక్కుగా గుర్తించింది. చట్టంలో ఉన్న హక్కు కడుపు నింపాలంటే నేల మీద ఆకు కూడా ఉండాలి. అందువల్ల ఇరవై మేకల మందను అడవికి తోలే పద్ధతి కంటే, రెండు మూడు పాల మేకలను ఇంటి దగ్గర కట్టి మేపే పద్ధతి ఈ ప్రాంతానికి నానాటికీ దగ్గరవుతోంది.

పాల అవసరం కూడా ఇక్కడ స్పష్టంగా ఉంది. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో భోజనంతో పాటు ఇచ్చే పాలు రోజుకు 200 మిల్లీలీటర్లు. రోజుకు లీటరు పాలిచ్చే మేక ఇంట్లో ఉంటే అది అలాంటి ఐదు గ్లాసులతో సమానం. గేదెను కొనలేని, కొన్నా మేపలేని ఇంటికి మేక అందుబాటులో ఉండే పాడి. పైగా ఒక గేదె వట్టిపోతే ఇంట్లో పాలు ఆగిపోతాయి. రెండు మేకలను వేర్వేరు కాలాల్లో ఈనేలా చూసుకుంటే ఏడాదిలో ఎక్కువ రోజులు పాలుంటాయి.

ముందుగా జాతి సంగతి. దేశంలో పాలకు పేరున్న మేకలు ఎక్కువగా ఉత్తరాదివి, పడమటివి. ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా ప్రాంతపు యమునా లోయల్లో పుట్టిన జమునాపారి పొడవాటి వేలాడే చెవులతో, చిలుక ముక్కులా వంగిన ముఖంతో, ఎత్తయిన కాళ్లతో ఉంటుంది. మంచి పోషణలో రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు ఇస్తుంది. ఇంగ్లండులో ఆంగ్లో నూబియన్ జాతి తయారు కావడంలో దీని రక్తం కలిసింది. అయితే కొమ్మలకు మెడ చాచి మేసే అలవాటున్న ఈ మేక సొంత నేల దాటి, ముసురు పట్టే చోట అంత సులువుగా ఇమడదు. పంజాబ్‌లోని గురుదాస్‌పూర్, అమృత్‌సర్ ప్రాంతాల బీటల్ కట్టి మేపడానికి బాగా అలవాటు పడుతుంది. రాజస్థాన్‌లోని అల్వర్ ప్రాంతానికి చెందిన జఖ్రానా నల్లటి ఒళ్లు, తెల్ల చుక్కల చెవులున్న మంచి పాల మేక. ఆగ్రా, మథుర వైపు బర్బరీ పొట్టిగా, నిలువు చెవులతో ఉంటుంది. పాలు రోజుకు లీటరుకు అటూ ఇటూ ఇచ్చినా తక్కువ జాగాలో బతుకుతుంది, కవలలను ఎక్కువగా ఈనుతుంది. మహారాష్ట్ర నుంచి తెలంగాణ పడమటి జిల్లాల దాకా కనిపించే ఉస్మానాబాదీ ప్రధానంగా మాంసపు మేకే అయినా, ఈ ఎండలకు ఓర్చుకుంటుంది.

స్విట్జర్లాండ్‌కు చెందిన తెల్లటి సానెన్ ప్రపంచంలో పాలకు అన్నిటికంటే పేరున్న మేక. కానీ లేత రంగు చర్మం, పొదుగు తీవ్రమైన ఎండకు తట్టుకోలేవు. ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరే రోహిణి కార్తెలో సత్తుపల్లిలో దాన్ని నిలపడం పేద ఇంటికి సాధ్యం కాదు. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో సానెన్, ఆల్పైన్ పోతులతో బీటల్ మేకలను సంకరం చేసినప్పుడు పాల దిగుబడి పెరిగింది. అవి పరిశోధన క్షేత్రపు మేతతో, వైద్యంతో వచ్చిన ఫలితాలు. పల్లెలో ఆ మేత, ఆ వైద్యం లేకుండా ఆ పాలు రావు.

కాబట్టి ఇక్కడికి లారీల్లో జాతి మేకలను తెచ్చి దించడం కంటే, ఊళ్లో ఉన్న ఆడ మేకలకు మంచి పాల జాతి పోతును కలపడం మేలు. తల్లి ఎండకు, ముసురుకు, ఇక్కడి పురుగులకు అలవాటు పడిన జీవం. తండ్రి నుంచి పాల గుణం వస్తుంది. మొదటి తరం పిల్లల్లో సగం, అదే జాతికి చెందిన మరో పోతును కలిపితే రెండో తరంలో ముప్పావు వంతు కొత్త రక్తం ఉంటుంది. పాతిక నుంచి ముప్పై ఆడ మేకలకు ఒక పోతు సరిపోతుంది. పోతును ఒళ్లు చూసి కాదు, దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో చూసి ఎంచాలి. రెండేళ్లకోసారి దాన్ని వేరే ఊరికి మార్చాలి. లేకపోతే తన కూతుళ్లతోనే కలిసి, బలహీనమైన పిల్లలు పుడతాయి.

మేత విషయంలో ఒక అపోహ తొలగాలి. మేక ఏది పడితే అది తింటుందని అనుకుంటారు. నిజానికి అది ఎంచుకొని తినే జీవం. తొక్కిన గడ్డిని, మూత్రం తడిసిన ఆకును ముట్టదు. అందుకే మేతను నేల మీద వేయకుండా కట్టలు కట్టి మూతి ఎత్తులో వేలాడదీయాలి, లేదా గాటిలో పెట్టాలి. నలభై కిలోల పాల మేకకు రోజుకు దాని బరువులో నాలుగైదు శాతం పొడి పదార్థం కావాలి. అంటే నాలుగైదు కిలోల పచ్చి ఆకు, అరకిలో దాకా ఎండు మేత, పైన దాణా. ఒంటి పోషణకు పావుకిలో దాణా పెట్టి, ఇచ్చే ప్రతి లీటరు పాలకు మరో 300 నుంచి 400 గ్రాములు కలపాలి. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు కలిపి దాణా ఇంట్లోనే చేసుకోవచ్చు. దాణా ఒక్కసారిగా పెంచితే కడుపు పులిసి మేక చచ్చిపోతుంది. వారం పది రోజుల మీద కొద్దికొద్దిగా పెంచాలి.

ఆకు మేతకు సత్తుపల్లి పేద ప్రాంతం కాదు. సుబాబుల్, అవిశె, మునగ, రావి, రేగు, వేప, పనస అన్నీ ఇక్కడ పెరుగుతాయి. కంది, పెసర, మినుము పొట్టు ఎండు మేతగా పనికొస్తుంది. తుమ్మ కాయలు ఎండాకాలపు బలం. నీటి వసతి ఉంటే రెండు మూడు గుంటల్లో దశరథ గడ్డి, నేపియర్ వేసి గట్ల మీద అవిశె నాటితే రెండు మేకల పచ్చిమేతకు మంచి ఆధారం. సుబాబుల్‌లో మాంసకృత్తులు ఎక్కువే గానీ మైమోసిన్ అనే విష పదార్థం కూడా ఉంటుంది. మొత్తం మేతలో అది మూడో వంతు మించకూడదు, మించితే వెంట్రుకలు రాలి జీవం చిక్కిపోతుంది. వానలు ముఖం చాటేసినప్పుడు గిడసబారిన లేత జొన్న పైరులో నాము అనే విషం ఉంటుంది, అది మేకను గంటల్లో చంపుతుంది. తాగడానికి శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఎదురుగా ఉండాలి. నీళ్లు తగ్గిన రోజే పాలు తగ్గుతాయి.

కొట్టం తడి లేకుండా ఉంటే సగం జబ్బులు దూరమవుతాయి. మేక చలికి ఓర్చుకుంటుంది, ఎండకు కొంత ఓర్చుకుంటుంది, తడికి మాత్రం ఓర్వదు. ఎర్రమట్టి బురదయ్యే ఈ ప్రాంతంలో నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున వెదురు బద్దలతో మంచె వేసి, దాని మీద మేకలను ఉంచడం మంచి పద్ధతి. బద్దల మధ్య అర అంగుళం సందు ఉంటే పెంటికలు, మూత్రం కిందికి పోతాయి. ఆ పెంటికలు మామిడి చెట్లకు మంచి ఎరువు. పెద్ద మేకకు పది చదరపు అడుగులు, పోతుకు ఇరవై అడుగుల జాగా కావాలి. రేకుల కప్పు కంటే తాటాకు కప్పు ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. పోతు పాక మాత్రం దూరంగా కట్టాలి. దాని వాసన పాలకు పడుతుంది. మేకపాలు వాసన వస్తాయన్న ఫిర్యాదుకు చాలాచోట్ల కారణం పోతు, లేదా మురికి చేయి, మురికి పాత్ర.

ఆడ మేకను పెద్ద మేక బరువులో మూడింట రెండు వంతులు వచ్చాకే, సుమారు ఏడాది వయసులో, పోతుకు చూపాలి. ఎద 21 రోజులకోసారి వచ్చి ఒకటి ఒకటిన్నర రోజు ఉంటుంది. తోక ఆడించడం, అరవడం, మేత మానడం దాని గుర్తులు. చూలు కాలం 150 రోజులు. మే, జూన్ నెలల్లో చూలు కట్టిన మేక అక్టోబరు, నవంబరుల్లో ఈనుతుంది. అప్పటికి వానలు వెనకబట్టి, ఆకు నిండుగా ఉంటుంది. జూలై, ఆగస్టు ఈతలు తప్పించాలి. ముసురులో పుట్టిన పిల్లలే ఎక్కువగా చనిపోతాయి. ఈనడానికి రెండు నెలల ముందు పాలు పితకడం ఆపి పొదుగుకు విశ్రాంతి ఇవ్వాలి. కడుపులో పిల్ల ఎక్కువగా పెరిగేది ఆ రోజుల్లోనే.

పిల్ల పుట్టగానే ముక్కు, నోరు తుడిచి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టి, గంటలోపు ముర్రుపాలు తాగించాలి. తొలి రోజు పిల్ల తన బరువులో పదో వంతు ముర్రుపాలు తాగాలి. రెండు కిలోల పిల్లకు అది 200 గ్రాములు, మూడు నాలుగు విడతలుగా. పల్లెల్లో ఆ పాలతో జున్ను కాచుకొనే అలవాటు ఉంది. పిల్ల తాగగా మిగిలితేనే జున్ను. రోగాన్ని తట్టుకొనే శక్తి తల్లి నుంచి పిల్లకు వచ్చే దారి ఆ పాలొక్కటే. తర్వాత పాలను పిల్లకూ ఇంటికీ పంచుకోవడంలో న్యాయం ఉండాలి. రాత్రి పిల్లలను వేరుగా ఉంచి ఉదయం పాలు పితికి, ఆ తర్వాత పగలంతా పిల్లలను తల్లి దగ్గర వదలడం అందరూ చేయగల పద్ధతి. రెండు వారాల నుంచి పిల్లలకు లేత ఆకు, కొద్దిగా దాణా అలవాటు చేస్తే మూడు నెలలకు పాలు మాన్పించవచ్చు.

పాలు పితికే మనిషి మారితే మేక చేపదు. రోజూ ఒకే వేళకు, ఒకే చేయి పితకాలి. పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తొలి రెండు ధారలు వేరే గిన్నెలో పిండి చూడాలి. గడ్డలు, నీరు, నెత్తురు చార కనబడితే అది పొదుగువాపు. ఆ పాలు ఇంట్లోకి రాకూడదు. బొటనవేలు మడిచి లాగడం చన్నును గాయపరుస్తుంది. నిండు పిడికిలితో పితకాలి. పితికాక అరగంట మేక నిలబడేలా ముందు మేత పెడితే, చన్ను రంధ్రం మూసుకొనేదాకా పొదుగు నేలకు తగలదు.

జబ్బుల్లో మొదటిది పీపీఆర్, పల్లె మాటలో పారుడు రోగం. జ్వరం, ముక్కు కారడం, నోటి పుండ్లు, పారుడు వరుసగా వచ్చి మందనే తుడిచిపెడుతుంది. మన దేశంలో ఇది మొదట 1987లో తమిళనాడులో బయటపడింది. ఒక్క టీకాతో మూడేళ్ల రక్షణ ఉంటుంది. 2030 నాటికి దీన్ని ప్రపంచం నుంచే తొలగించాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. చిటుక రోగం, గొంతువాపు టీకాలు వానలకు ముందే, మృగశిర కార్తె రాకముందే పడాలి. వానల తర్వాత వచ్చిన టీకా చనిపోయిన మేకకు పనికిరాదు. నెత్తురు తాగే కడుపు పురుగులు ఈ తేమ ప్రాంతపు నిత్య శత్రువు. కింది రెప్ప తిప్పి చూస్తే ఎర్రగా ఉండాలి. తెల్లబడితే మందు పోయాలి. అన్నిటికీ ఒకే మందు నెలనెలా పోస్తే పురుగులు దానికి లొంగడం మానేస్తాయి. చెరువుల కింద, వరిమళ్ల గట్ల మీద మేసే వాటికి నత్తల ద్వారా జలగ వ్యాధి వస్తుంది. మంచు ఆరాకే మేతకు వదలడం, పెంటికల పరీక్ష చేయించడం పురుగుల విషయంలో ముందుజాగ్రత్త. గిట్టలు రెండు నెలలకోసారి కత్తిరించాలి.

పాల మేకకు మాంసపు మేక కంటే ఎక్కువ జాగ్రత్త పడవలసిన జబ్బు బ్రూసెల్లోసిస్. చూలు ఈసుకుపోవడం దాని గుర్తు. ఆ పాలు పచ్చిగా తాగిన మనిషికి విడిచి విడిచి జ్వరం, కీళ్ల నొప్పులు నెలల తరబడి వస్తాయి. మాల్టా దీవిలో బ్రిటిష్ సైనికులను పట్టి పీడించిన జ్వరానికి అక్కడి మేకల పాలే కారణమని థెమిస్టోక్లిస్ జమ్మిట్ 1905లో కనిపెట్టాడు. సైనికులకు ఆ పాలు ఆపగానే జ్వరాలు తగ్గాయి. 2019లో మొదలైన జాతీయ పశు వ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లోసిస్ టీకా ఆవు, గేదె పెయ్యలకే ఉంది. మేకకు లేదు. కాబట్టి పాల మేకలకు రక్త పరీక్ష, పాలు పొంగేదాకా కాచడం రెండూ తప్పనిసరి.

మేకపాల గుణాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వెన్న బిందువులు చిన్నవి, పెరుగు మెత్తగా తోడుకుంటుంది, కెరోటిన్ మొత్తం విటమిన్ ఏగా మారిపోవడం వల్ల పాలు, నెయ్యి తెల్లగా ఉంటాయి. ఫోలేట్ తక్కువ కాబట్టి ఏడాది లోపు పసిబిడ్డకు తల్లిపాల బదులు వీటిని పట్టకూడదు, పడితే రక్తహీనత వచ్చే ప్రమాదం ఉంది. ఆవుపాలు పడని బిడ్డకు ఇవీ పడకపోవచ్చు. డెంగీ వచ్చినప్పుడు మేకపాలు ప్లేట్‌లెట్లు పెంచుతాయన్న ప్రచారానికి వైద్య ఆధారం లేదు. ఆ నమ్మకంతో పచ్చిపాలు తాగడం ఒక జబ్బుకు మరో జబ్బు చేర్చుకోవడమే. మంచి ఆహారంగా చెప్పి అమ్మితే మేకపాలకు నిలకడైన గిరాకీ వస్తుంది. మందుగా చెప్పి అమ్మితే ఆ గిరాకీ జ్వరాల కాలంతో పోతుంది.

ఇంత శ్రద్ధ కావలసిన పాడికి ఇప్పటి పథకాల్లో చోటు తక్కువ. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1.91 కోట్లు, దేశంలో మొదటి స్థానం. మేకలు సుమారు 49 లక్షలు. 2017 జూన్‌లో మొదలైన పంపిణీ పథకం గొల్ల కురుమలకు 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చింది. అది గొర్రెలకే పరిమితం. జాతీయ పశుసంవర్ధక మిషన్ 2021 నుంచి మేకలకు 50 శాతం రాయితీ ఇస్తున్నా, అందులో అతి చిన్న యూనిట్ 100 మేకలు, 5 పోతులు. మూడు మేకలు కట్టుకొనే కోయ మహిళ ఆ లెక్కలోకి రాదు.

శాఖ చేయగలిగినవి ఐదు. మొదటిది మేత: అవిశె, సుబాబుల్, దశరథ గడ్డి విత్తనాలు, నేపియర్ కణుపులు మేకలు రావడానికి ఒక ఏడాది ముందే ఊరికి చేరాలి. రెండోది పోతు: పాల లెక్క తెలిసిన బీటల్ లేదా జఖ్రానా పోతులను ఊరి మహిళా సంఘం చేతిలో ఉంచి, రెండేళ్లకోసారి ఊళ్ల మధ్య మార్చాలి. మూడోది టీకా, పరీక్ష: పీపీఆర్, చిటుక టీకాలు మే నెలాఖరులోగా పడాలి. పాల మేకలన్నిటికీ బ్రూసెల్లా పరీక్ష జరగాలి. 1962 నంబరు సంచార పశువైద్య వాహనం అడవంచు గూడేలకు చెప్పిన వారం చెప్పిన రోజున రావాలి. నాలుగోది శిక్షణ: వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రం, మామునూరు పశువైద్య కళాశాల, భద్రాచలం ఐటీడీఏ కలిసి ఊరికి ఇద్దరు మహిళలకు పాలు పితకడం, పొదుగువాపు గుర్తించడం, గిట్టలు కత్తిరించడం నేర్పవచ్చు. బిహార్, జార్ఖండ్‌లలో పశు సఖులు ఈ పనులు చేస్తున్నారు. ఐదోది లెక్క: రెండు మూడు మేకల చిన్న యూనిట్‌కు కూడా రాయితీ ఇచ్చి, చెవి పోగు సంఖ్య మీద ఈత తేదీ, పిల్లల సంఖ్య, వారానికోసారి కొలిచిన పాలు రాయించాలి. లెక్క లేకపోతే ఏ మేక కూతురిని ఉంచుకోవాలో, ఏ మేక కొడుకును పోతుగా వదలాలో ఎవరికీ తెలియదు. లెక్క ఉంటే పదేళ్లలో ఈ నేలకు తగిన పాల మేక ఇక్కడే తయారవుతుంది.

ఈ ఐదూ కుదిరిన ఊరికి మేకలు వెంటనే రావాలి. కుదరని ఊరికి కుదిరిన తర్వాతే రావాలి.

సత్తుపల్లి,
ఖమ్మం జిల్లా